నమోదు కాని హెచ్చరికలు: పైథాన్ లాగింగ్ అమరికలో అనూహ్య ప్రవర్తన, మాండలిక పదసేకరణలో దాని పర్యవసానం

వ్యాససంగ్రహం:
క్షేత్రపర్యటనలో సేకరించిన తెలుగు పదజాబితాలను కంప్యూటర్ సాయంతో శుద్ధి చేసే పరిశోధకులు పైథాన్ భాషలోని లాగింగ్ మాడ్యూల్‌ను తరచుగా వాడుతున్నారు. దాని అమరిక కొన్ని సందర్భాలలో రచయిత అనుకున్నట్లు కాక వేరుగా పనిచేస్తుంది. అలా పనిచేస్తున్నట్లు చెప్పదు. మారేడుమిల్లి ప్రాంతపు పదసేకరణలో ఎదురైన ఒక పొరపాటును ఆధారం చేసుకొని, ఆ ప్రవర్తనకు కారణాలను, తెలుగు లిపికి ప్రత్యేకంగా సంబంధించిన చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పైథాన్, లాగింగ్, యూనికోడ్, మాండలిక పదసేకరణ, కొండరెడ్లు, మారేడుమిల్లి.

1. ఉపోద్ఘాతం

రంపచోడవరం నుంచి చింతూరు వైపు సాగే ఘాట్ రోడ్డు మీద మారేడుమిల్లి ఉంది. ఆ చుట్టుపక్కల కొండలలో నివసించే కొండరెడ్ల మాతృభాష తెలుగే. ఇరుగుపొరుగు తెగలలో కొన్నింటికి వేరే ద్రావిడభాషలు ఉండగా, వీరి నోట వినబడేది తెలుగు మాండలికం కావడంతో మాండలిక పరిశోధకులకు ఈ ప్రాంతం మీద ప్రత్యేకమైన ఆసక్తి. హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన గ్రంథం కొండరెడ్ల జీవనాన్ని విస్తారంగా చిత్రించింది. వారి పదసంపద మీద జరగవలసిన పని మాత్రం ఇంకా చాలా ఉంది.

పోడు వ్యవసాయం, దుంపలు, వెదురు పని, జీలుగు కల్లు, అడ్డాకుల సేకరణ మొదలైన వాటికి సంబంధించిన పదాలను ఈ వ్యాసకర్త కొంతకాలంగా సేకరిస్తున్నాడు. కొన్ని జాబితాలు స్వయంగా రాసుకొన్నవి. మరికొన్ని అంతకుముందెప్పుడో టైపు చేసి ఉంచిన కాగితాలు. వాటిని స్కాన్ చేసి ఓసీఆర్ ద్వారా యూనికోడ్‌లోకి మార్చవలసి వచ్చింది. అన్నింటినీ ఒకచోట చేర్చి, అకారాదిగా అమర్చి, ఏ పదం ఏ గ్రామపు జాబితాలో ఉందో చూపే పట్టిక తయారు చేయడానికి పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసుకొన్నాను.

ఆ పట్టిక ఆధారంగా ఒక వ్యాసపు చిత్తుప్రతిలో, కొన్ని గ్రామాల జాబితాలలో ‘పెండలం’ అన్న పదం కనబడదనీ, అక్కడ ఆ దుంపకు వేరే పేరు ఉండవచ్చుననీ రాశాను. చిత్తుప్రతిని పంపబోయే ముందు పట్టికను మరొకసారి తిరగేస్తుంటే ‘పెసర’ తరువాత ‘పెండలం’ కనబడింది. అకారాదిక్రమంలో అది పెసరకు ముందు రావాలి. కిందికి ఎలా జారింది?

కంటికి తేడా తెలియని చోట తేడా ఉంది. ఓసీఆర్ పాఠంలో ఉన్నది నిండుసున్న కాదు, తెలుగు అంకె సున్న. రెండింటి రూపమూ ఒకటే, యూనికోడ్ సంకేతాలు మాత్రం వేరు. నిండుసున్న సంకేతం అచ్చులకన్నా ముందు ఉంటుంది. అంకె సున్న హల్లులు, గుణింతపు గుర్తులు అన్నీ అయిపోయాక వస్తుంది. అందువల్ల సంకేతక్రమంలో అమర్చినప్పుడు అసలైన ‘పెండలం’ పెకారాది పదాలలో మొదట, అంకె సున్నతో ఉన్నది చివర చేరుతాయి. వెతికినప్పుడు ఒకటి దొరికితే రెండోది దొరకదు. అంటే ఆ గ్రామాల జాబితాలలో పదం ఉంది. నా ప్రోగ్రాం దాన్ని చూడలేకపోయింది.

ఇంతవరకు ఇది తెలుగు పాఠశుద్ధిలో అందరూ ఎరిగిన చిక్కే. నన్ను కలవరపెట్టినది మరొకటి. అక్షరాల నడుమ అంకె సున్న కనబడితే హెచ్చరించమని ఆ ప్రోగ్రాంలో నేను ముందే రాసి ఉంచాను. నమోదు ఫైలు తెరిచి చూశాను కూడా. అందులో హెచ్చరిక ఒక్కటీ లేదు. అందుకే పాఠం శుద్ధంగా ఉందని నమ్మాను.

2. లాగింగ్ అంటే ఏమిటి?

‘లాగ్’ అన్న ఆంగ్లపదానికి మొదటి అర్థం దుంగ. ఓడ వేగం కొలవడానికి ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీటిలో విడిచేవారు. ఆ కొలతలు రాసే పుస్తకానికి దాని పేరే వచ్చింది. అక్కడి నుంచి కంప్యూటర్ రంగానికి చేరింది. (తెలుగులో ‘లాగు’ అంటే వచ్చే అర్థాలు వేరు కనుక, ఈ వ్యాసంలో వీలైనచోట ‘నమోదు’ అంటాను.) ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు ఏమి జరిగిందో అదే రాసిపెట్టుకొనే దినచర్య ఇది. ప్రాచీనగ్రంథ పరిష్కర్త అడుగున ఇచ్చే పాఠాంతరసూచి వంటిది. మూలంలో ఏముంది, ఎక్కడ సందేహం కలిగింది, పరిష్కర్త ఏమి చేశాడు అన్నవి అందులో ఉంటాయి. సూచి ఖాళీగా ఉంటే ప్రతులన్నీ ఏకీభవించాయని పాఠకుడు అనుకొంటాడు.

పైథాన్‌లో ఈ సౌకర్యం 2003లో వెలువడిన 2.3 సంచికతో ప్రామాణిక భాగమైంది. వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్ రాసిన ప్రతిపాదన దానికి మూలం. జావా భాషలో అప్పటికే ఉన్న ఇటువంటి వ్యవస్థల ప్రభావం దాని మీద ఉంది. ఇందులో మనకు అవసరమైనవి మూడు భావనలు. సందేశాన్ని పుట్టించేది లాగర్. దాన్ని తెరకో ఫైలుకో చేర్చేది హ్యాండ్లర్. సందేశపు తీవ్రతను చెప్పేది స్థాయి. డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. లాగర్లన్నీ ఒక వృక్షం వంటివి. పేరులోని చుక్కలను బట్టి తల్లి, పిల్ల సంబంధం ఏర్పడుతుంది. అన్నింటికీ మూలంగా ‘రూట్’ లాగర్ ఉంటుంది. ఒక ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు ఈ వృక్షం ఒక్కటే. మనం రాసిన ఫైలు, మిత్రుడు ఇచ్చిన ఫైలు, దిగుమతి చేసుకొన్న గ్రంథాలయం అన్నీ దానినే పంచుకొంటాయి. చిక్కులలో అధికభాగం ఈ పంచుకోవడం నుంచే పుడతాయి.

3. మొదట వచ్చినవారిదే అమరిక

కొత్తగా నేర్చుకొనేవారు అందరూ వాడేది ‘బేసిక్‌కాన్ఫిగ్’ అనే ప్రమేయం. ఫైలు పేరు, స్థాయి ఇస్తే చాలు, రూట్ లాగర్‌కు ఒక హ్యాండ్లర్‌ను తగిలిస్తుంది. అయితే దానికి ఒక నియమం ఉంది. రూట్ లాగర్‌కు అప్పటికే ఏదైనా హ్యాండ్లర్ ఉంటే బేసిక్‌కాన్ఫిగ్ ఏమీ చేయదు. దోషం చూపదు, హెచ్చరించదు, మనం ఇచ్చిన ఫైలు పేరును, స్థాయిని అలాగే వదిలేస్తుంది. ఈ సంగతి అధికారిక పత్రాలలో స్పష్టంగానే ఉంది. కానీ ‘అమర్చు’ అన్న అర్థం గల పేరుతో ఉన్న ప్రమేయం అమర్చకుండా ఊరుకొంటుందని ఎవరు ఊహిస్తారు?

ఆ హ్యాండ్లర్ ముందుగా ఎలా వస్తుందన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. మాడ్యూల్ పేరుతో నేరుగా ‘లాగింగ్ డాట్ వార్నింగ్’ అని పిలిస్తే, రూట్‌కు హ్యాండ్లర్ లేని పక్షంలో ఆ పిలుపే లోలోపల బేసిక్‌కాన్ఫిగ్‌ను పిలిచి, తెరకు రాసే హ్యాండ్లర్‌ను తగిలిస్తుంది. ఆ తరువాత మనం ఎంత శ్రద్ధగా అమర్చినా ఫలితం ఉండదు. కొన్ని నోట్‌బుక్ పరిసరాలలోనైతే మన మొదటి వాక్యానికి ముందే రూట్‌కు హ్యాండ్లర్ ఉంటుంది.

నా విషయంలో జరిగినది ఇదే. గుణింతాలను ఏకరూపం చేయడానికి ఎప్పుడో రాసుకొన్న ఒక సహాయక ఫైలును మధ్యలో ఈ ప్రోగ్రాంకు జోడించాను. ఐత్వపు గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది భాగం అనే రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. వాటిని ఒకటి చేయడం ఆ ఫైలు పని. అది దిగుమతి అయ్యే క్షణంలోనే ఒక హెచ్చరికను మాడ్యూల్ పేరుతో నేరుగా పలుకుతుంది. దిగుమతి వాక్యాలు ప్రోగ్రాం తలభాగంలో ఉంటాయి, అమరిక వాక్యం వాటి కింద ఉంటుంది. నా అమరికకు వంతు వచ్చేసరికి స్థానం నిండిపోయింది. హెచ్చరికలన్నీ తెర మీదికి వెళ్లాయి. ప్రతి పదాన్నీ తెర మీద అచ్చువేసే వాక్యం కూడా ఉండడంతో ఆ ప్రవాహంలో అవి కొట్టుకుపోయాయి.

మరి నేను తెరిచి చూసిన నమోదు ఫైలు ఎక్కడిది? సహాయక ఫైలును జోడించకముందు, నా చేతిరాత జాబితాతో చేసిన పరీక్షలో ఏర్పడినది. ఆ జాబితాలో నిజంగానే దోషాలు లేవు. ప్రత్యేకంగా కోరకపోతే లాగింగ్ వాక్యాలలో తేదీ, సమయం ఉండవు. స్థాయి, లాగర్ పేరు, సందేశం మాత్రమే ఉంటాయి. పాత ఫైలును కొత్త ఫైలనుకోవడానికి అడ్డు ఏదీ లేకపోయింది.

పైథాన్ 3.8 నుంచి, అంటే 2019 నుంచి, ఈ ప్రమేయానికి ‘ఫోర్స్’ అనే ఐచ్ఛికం ఉంది. దాని విలువను ‘ట్రూ’ అని ఇస్తే పాత హ్యాండ్లర్లను మూసి, తొలగించి, కొత్తవి తగిలిస్తుంది. ప్రధాన ప్రోగ్రాంలో దీనిని వాడడం సబబే. పదిమంది వాడుకొనే సహాయక ఫైలులో వాడడం మాత్రం అమర్యాద. ఇతరుల అమరికను అది చెరిపివేస్తుంది. సహాయక ఫైళ్లు తమ పేరుతో లాగర్‌ను తెచ్చుకొని దాని ద్వారా మాత్రమే పలకాలి. హ్యాండ్లర్లను తగిలించే అధికారం ప్రధాన ప్రోగ్రాంకు వదిలేయాలి. ఈ నియమం నాకు తెలియకపోలేదు. కానీ సహాయక ఫైలు రాసినప్పుడు అది ఎప్పటికీ ఒంటరిగానే నడుస్తుందనుకొన్నాను.

4. స్థాయి అనే రెండు జల్లెడలు

స్థాయి వల్ల కలిగే మౌనం అందరికీ పరిచయమైనదే కనుక క్లుప్తంగా చెబుతాను. రూట్ సహజస్థాయి వార్నింగ్. అంతకన్నా తక్కువ స్థాయి సందేశాలు అక్కడితో ఆగిపోతాయి. లాగర్‌కూ హ్యాండ్లర్‌కూ విడివిడిగా స్థాయిలు ఉంటాయి; సందేశం రెండు జల్లెడలనూ దాటాలి. హ్యాండ్లర్ స్థాయిని డీబగ్‌కు దించి, లాగర్‌ను మరచిపోయి, ఏమీ రావడం లేదని గంటలు వెచ్చించినవారు చాలామంది. హ్యాండ్లర్ ఎక్కడా లేకపోతే 3.2 సంచిక నుంచి ‘ఆఖరి ఆసరా’ వంటి ఒక హ్యాండ్లర్ వార్నింగ్, ఆపై స్థాయులను తెర మీద చూపుతుంది. హెచ్చరికలు వస్తున్నాయి కదా, అమరిక సరిగానే ఉందని భ్రమపడడానికి ఇది చాలు.

5. నోరు మూయించిన లాగర్లు

పని పెద్దదైతే అమరికను ఒక నిఘంటువు రూపంలో రాసి ‘డిక్ట్‌కాన్ఫిగ్’కు, లేదా విడి ఫైలులో రాసి ‘ఫైల్‌కాన్ఫిగ్’కు ఇస్తారు. ఇక్కడ ‘డిసేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్’ అనే అంశం ఉంది. మనం ఏమీ చెప్పకపోతే దాని విలువ ‘ట్రూ’. అంటే అమరిక జరిగే క్షణానికి అప్పటికే పుట్టి ఉన్న లాగర్లలో, తమ పేరు గానీ తమ పైవారి పేరు గానీ అమరికలో లేనివన్నీ పనిచేయకుండా పోతాయి. రూట్‌కు మాత్రం ఇది వర్తించదు. దిగుమతి సమయంలో పుట్టిన లాగర్లు దీని బారిన పడతాయి. అమరిక తరువాత పుట్టినవి నిక్షేపంగా మాట్లాడతాయి. ఒకే ప్రోగ్రాంలో సగం గొంతులు వినబడి సగం వినబడకపోవడానికి కారణం పుట్టిన వేళ తప్ప మరేమీ కాదు. పాత ప్రోగ్రాంలు చెడకూడదని ఈ సహజవిలువను ఉంచారు. నా అభిప్రాయంలో, ఎవరి అవసరం ఎలా ఉన్నా, దీనికి ‘ఫాల్స్’ అని స్పష్టంగా రాయడం మంచిది.

6. తెలుగు వాక్యాలే మాయమవడం

పైన చెప్పినవి ఏ భాషవారికైనా ఎదురయ్యేవి. ఇది మనకు ప్రత్యేకం.

ఫైలులో రాసేటప్పుడు అక్షరాలను ఏ సంకేతనంలో భద్రపరచాలో చెప్పకపోతే, పైథాన్ ఆ యంత్రపు స్థానిక సంకేతనాన్ని తీసుకొంటుంది. మన కళాశాలలలోని విండోస్ యంత్రాలలో అది తరచుగా సీపీ-1252. అందులో పశ్చిమ ఐరోపా లిపులకే చోటు. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇప్పుడు ‘ఫైల్‌హ్యాండ్లర్’ను నేరుగా తయారుచేసి, సంకేతనం చెప్పకుండా, ‘పెండలం’ ఉన్న సందేశాన్ని పంపామనుకొందాం. రాయడంలో దోషం ఏర్పడుతుంది. నమోదులో దోషం వచ్చినంత మాత్రాన అసలు పని ఆగకూడదన్నది ఈ మాడ్యూల్ విధానం. కనుక దోషవివరం తెర మీద కనబడుతుంది, ప్రోగ్రాం ముందుకు సాగుతుంది, ఆ సందేశం ఫైలుకు చేరదు. తెర లేని విధంగా ప్రోగ్రాంను నడిపితే ఆ దోషవివరం కూడా ఎవరి కంటా పడదు.

ఫలితాన్ని ఊహించండి. ‘ప్రారంభం’, ‘ముగింపు’ వంటి వాక్యాలను మనం సాధారణంగా ఆంగ్లంలో రాస్తాం. అవి చక్కగా నమోదవుతాయి. దోషమున్న పదాన్ని ఉటంకించే హెచ్చరికలో మాత్రం తెలుగు ఉంటుంది కనుక అదే జారిపోతుంది. ఫైలు ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందులో లేనివి సరిగ్గా మనకు కావలసినవే.

బేసిక్‌కాన్ఫిగ్ ద్వారా ఫైలు తెరిస్తే ఇంకొక విధం. 3.9 సంచిక నుంచి, అంటే 2020 నుంచి, దానికి సంకేతనాన్ని చెప్పే సౌకర్యం వచ్చింది. దానితోపాటు, రాయలేని అక్షరాన్ని వెనుకగీత, సంఖ్యాసంకేతాల రూపంలో రాసే ఏర్పాటు సహజవిలువగా చేరింది. సందేశం పోదు, కానీ తెలుగు పదం స్థానంలో సంకేతాల వరుస ఉంటుంది. ఆ ఫైలులో ‘పెండలం’ అని వెతికితే దొరకదు. ఒకే అజాగ్రత్తకు రెండు మార్గాలలో రెండు వేర్వేరు ఫలితాలు రావడం బోధనలో చెప్పడానికి కూడా ఇబ్బందికరమే. రెండింటికీ నివారణ ఒకటే, ఎక్కడైనా యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం.

7. పునరుక్తి

మౌనానికి వ్యతిరేకదోషం కూడా ఉంది. పిల్ల లాగర్‌కు ఒక హ్యాండ్లర్, రూట్‌కు ఒక హ్యాండ్లర్ ఉంటే ప్రతి సందేశమూ రెండుసార్లు నమోదవుతుంది. సందేశం వృక్షంలో పైకి ప్రయాణిస్తూ దారిలోని హ్యాండ్లర్లన్నింటికీ అందడమే దీనికి కారణం. ఈ ప్రయాణంలో ఒక విశేషం ఉంది. పుట్టిన లాగర్ దగ్గరే స్థాయి పరీక్ష జరుగుతుంది. పైనున్న లాగర్ల స్థాయిలను ఎవరూ అడగరు, వాటి హ్యాండ్లర్ల స్థాయిలను మాత్రమే చూస్తారు. గ్రామంలో ఒకసారి అంగీకరించిన అర్జీని పై కార్యాలయాల అధికారులు పరిశీలించకుండా, అక్కడి గుమాస్తాలు మాత్రమే తిరగేసినట్లన్నమాట. తనకంటూ స్థాయిని విడిగా పెట్టిన పిల్ల లాగర్ మాటలు, రూట్ స్థాయిని పెంచినా, ఆగకపోవడానికి కారణం ఇదే. నోట్‌బుక్‌లో హ్యాండ్లర్‌ను తగిలించే గడిని మళ్లీ నడిపిన ప్రతిసారీ మరొక హ్యాండ్లర్ చేరి, ఒకే వాక్యం మూడు, నాలుగు సార్లు రావడం కూడా తరచుగా చూస్తాం. హెచ్చరికల సంఖ్యను నమోదు ఫైలు పంక్తులను బట్టి లెక్కించి వ్యాసంలో పేర్కొనేవారు ఈ సంగతి గమనించాలి.

8. క్షేత్రపుస్తకంలోని ఖాళీ గడి

పదసేకరణ చేసేవారికి ఈ సమస్య నిజానికి కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం మొదలుకొని, మన మాండలిక పరిశోధనలో పదంతోపాటు దాని ప్రాంతాన్ని నమోదు చేయడం సంప్రదాయం. ప్రాంతాల పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటే దానికి ఎన్ని అర్థాలు ఉండవచ్చునో క్షేత్రానికి వెళ్లినవారికి తెలుసు. ఆ ప్రశ్న అడగలేదు, అడిగాం, తెలియదన్నారు, చెప్పారు, మేము రాసుకోలేదు, ఆ వేళకు ఇంట్లో ఉన్న కోడలు చెప్పడానికి సిగ్గుపడింది. ఇవన్నీ ‘ఆ పదం అక్కడ లేదు’ అన్నదానికి సమానం కావు. కొండరెడ్ల వంటి చిన్న సమూహం విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. వారి పలుకుబడి మీద వచ్చే వ్యాసాలు తక్కువ. ఒకరు ‘లేదు’ అని అచ్చులో పెడితే దానిని సరిచూడడానికి వెళ్లేవారు అరుదు, ఉటంకించేవారు మాత్రం ఉంటారు.

నా క్షేత్రపుస్తకంలో ‘అడగలేదు’, ‘తెలియదన్నారు’ అనేవాటికి వేర్వేరు గుర్తులు వాడతాను. ప్రోగ్రాం విషయంలో మాత్రం ఖాళీని ఖాళీగానే చదివాను.

ఇప్పుడు పద్ధతి మార్చుకొన్నాను. అమరిక ప్రధాన ప్రోగ్రాంలో, ‘ఫోర్స్’తో, యూటీఎఫ్-8తో, తేదీ, సమయంతో జరుగుతుంది, నడిపిన ప్రతిసారీ కొత్త ఫైలు ఏర్పడుతుంది. అమరిక పూర్తికాగానే ప్రతి లాగర్ నుంచి ఒక తెలుగు వాక్యాన్ని ఉద్దేశపూర్వకంగా హెచ్చరికగా పంపి, అది ఫైలులోకి చేరిందో లేదో ప్రోగ్రామే చదివి చూసుకొంటుంది; చేరకపోతే ముందుకు సాగదు. చివరన ఏ దోషం ఎన్నిసార్లు కనబడిందో, సున్నాతో సహా, లెక్క రాస్తుంది. ఆ లెక్క నమోదు నుంచి కాక విడిగా ఉంచిన లెక్కింపు నుంచి వస్తుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, పాఠాంతరాలను లాగింగ్‌కు అప్పగించడం మానేశాను. సందేహం ఉన్న ప్రతి రూపమూ మూలరూపం, సవరించిన రూపం, గ్రామం, కాగితపు సంఖ్యలతో ఒక ప్రత్యేక పట్టికలో చేరుతుంది. అది పరిశోధన సామగ్రిలో భాగం. లాగింగ్ ప్రోగ్రాం ఆరోగ్యం కోసమే.

ఈ పద్ధతిలో మళ్లీ నడిపినప్పుడు అంకె సున్న ఉన్న రూపాలు వరుసగా బయటపడ్డాయి. ‘అంబలి’, ‘కంది’, ‘చింత’ వంటివాటిలో సవరణ నిస్సందేహం. చిత్తుప్రతిలోని పెండలం వాక్యాన్ని తొలగించాను. కొన్ని రూపాలలో మాత్రం టైపు కాగితమే అరిగిపోయి, అక్కడ ఉన్నది నిండుసున్నో, వట్టి మరకో తేలడం లేదు. వాటిని ఒక కాగితం మీద రాసుకొన్నాను. వర్షాలు తగ్గాక మారేడుమిల్లి వెళ్లి, ఆ పదాలను అక్కడి పెద్దల నోట మరొకసారి వినవలసి ఉంది.